మందు మాన్పిస్తారు, బీడీ చేతిలోనే ఉంచుతారు

కాప్రాలో మేం వెళ్లిన ఒక డీ-అడిక్షన్ సెంటర్‌లో పొద్దున టీ అయ్యాక బీడీలు పంచుతారు. వారానికోసారి ఇంటివాళ్లు తెచ్చిచ్చిన కట్టల మీద పేర్లు రాసి వార్డెన్ బీరువాలో పెట్టుకుంటాడు. మనిషికి రోజుకు ఎనిమిది. గొడవ చేస్తే రెండు కోత. బాత్‌రూములు కడిగితే రెండు ఎక్కువ. లైన్లో నిలబడ్డ ఒకాయన చర్లపల్లి ఇండస్ట్రియల్ ఏరియాలో లోడింగ్ పని చేస్తాడు. యాభైకి దగ్గరపడ్డ మనిషి. "మందు బంద్ చేసేందుకు వచ్చినవ్ గదా అన్నా, బీడీ సంగతేంది?" అని అడిగాం. "అదొక్కటే మిగిలింది తమ్మీ. అది గూడ గుంజుకుంటరా?" అన్నాడు.

ఆ రోజు మా దగ్గర సరైన జవాబు లేదు. పీహెచ్‌డీ కోసం కాప్రా, కుషాయిగూడ, జవహర్‌నగర్ బస్తీల్లో మద్యం మానాలని ప్రయత్నించేవాళ్లతో మాట్లాడుతూ తిరుగుతున్న మాకు కూడా బీడీ చిన్న విషయంగానే కనిపించింది. మా ప్రశ్నావళిలో దాని గురించి ఉన్నది ఒకే ఒక్క ప్రశ్న: తాగుతారా, తాగరా. చదివినకొద్దీ, డాక్టర్లతో మాట్లాడినకొద్దీ అర్థమైంది, మేం కూడా ఆ వార్డెన్ లాగే ఆలోచించామని. మద్యం మానడానికి వచ్చిన మనిషికి మొదటి రోజు నుంచే బీడీ మానడానికి కూడా మందులివ్వొచ్చు. ఆ మందులు ఉన్నాయి, పనిచేస్తాయి, దేశ అత్యవసర మందుల జాబితాలో కూడా కొన్ని ఉన్నాయి. మన బస్తీల వాళ్లకు మాత్రం అందడం లేదు. ఎందుకు అందడం లేదో, అందితే ఎలా వాడాలో, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో ఇక్కడ చెబుతున్నాం.

ముందు చావుల లెక్క చూద్దాం. అమెరికాలోని మిన్నెసోటాలో మద్యం, ఇతర మత్తుల నుంచి బయటపడటానికి 1972–83 మధ్య ఆస్పత్రిలో చేరి చికిత్స పొందిన 845 మంది తర్వాత ఏమయ్యారో మేయో క్లినిక్ పరిశోధకులు ఏళ్ల తరబడి గమనించారు. 1996లో ఫలితం ప్రచురించారు. చనిపోయినవాళ్లలో మరణ ధ్రువపత్రాలు దొరికిన 214 మందిలో 50.9 శాతం మంది పొగాకు వల్ల వచ్చే జబ్బులతో పోయారు. మద్యం వల్ల పోయినవాళ్లు 34.1 శాతం. మద్యం జబ్బుకు వైద్యం చేయించుకున్నవాళ్లను మద్యం కంటే పొగాకే ఎక్కువగా చంపింది. ఆల్కహాలిక్స్ అనానిమస్‌ను స్థాపించిన ఇద్దరిలో ఒకడైన బిల్ విల్సన్ 1934 డిసెంబర్ తర్వాత మద్యం ముట్టలేదు. సిగరెట్ మాత్రం వదల్లేకపోయాడు. ఊపిరితిత్తులు పాడై 1971లో చనిపోయాడు. మద్యం మానేసిన లక్షల మందికి దారి చూపిన మనిషి కథ అలా ముగిసింది.

మన దగ్గర దీనికి టీబీ తోడవుతుంది. 2003లో లాన్సెట్ పత్రికలో వచ్చిన తమిళనాడు అధ్యయనం ఒకటుంది. మగవాళ్ల టీబీ చావుల్లో దాదాపు సగానికి పొగ తాగడమే కారణమని అది తేల్చింది. మద్యం టీబీని పెంచుతుంది, పొగ పెంచుతుంది, ఇరుకు గదులు పెంచుతాయి, అరకొర తిండి పెంచుతుంది. మన వాడల్లో ఈ నాలుగూ ఒకే ఇంట్లో ఉంటాయి. అందులో ఒక్క మద్యాన్ని తీసేసి మనిషి బాగుపడ్డాడని డిశ్చార్జ్ చీటీ రాసిస్తున్నాం.

"పాపం, అదైనా ఉండనియ్"

సెంటర్లలో పనిచేసేవాళ్లు చెడ్డవాళ్లు కాదు. చాలామంది ఒకప్పుడు తాగి, మానేసి, అక్కడే ఉద్యోగంలో కుదిరినవాళ్లు. బీడీ జోలికి ఎందుకు పోరని అడిగితే దాదాపు అందరూ చెప్పేది ఒకటే: రెండూ ఒకేసారి మానమంటే తట్టుకోలేడు, తట్టుకోలేక మళ్లీ మందు తాగుతాడు. ముందు పెద్దది పోనీ, చిన్నది తర్వాత చూద్దాం.

ఇది నిజమా అని ప్రపంచంలో చాలామంది పరీక్షించి చూశారు. 2004లో ప్రొచాస్కా, ఆమె సహచరులు అప్పటిదాకా జరిగిన ట్రయల్స్ అన్నీ కలిపి లెక్కగట్టారు. మత్తు చికిత్సలో ఉండగానే పొగాకు మానడానికి కూడా సాయం అందినవాళ్లు, అందనివాళ్ల కంటే, చాలాకాలం తర్వాత కూడా మద్యానికీ డ్రగ్స్‌కీ దూరంగా ఉండే అవకాశం 25 శాతం ఎక్కువని తేలింది. అంటే బీడీ మానడం మందు మానడానికి అడ్డం పడలేదు. 2016లో కొక్రేన్ సంస్థ 34 అధ్యయనాలు, 5,796 మంది వివరాలు పరిశీలించి ఇంకాస్త ఆచితూచి మాట్లాడింది: మందులు, లేదా మందులూ కౌన్సెలింగూ కలిపి ఇస్తే పొగాకు మానేవాళ్లు పెరుగుతారు. దానివల్ల మద్యం, డ్రగ్స్ మానడానికి నష్టం జరిగినట్టు ఆధారం లేదు.

దీనికి ఎదురు చెప్పే అధ్యయనం కూడా ఉంది, దాన్ని దాచిపెట్టడం సరికాదు. 2004లోనే మిన్నెసోటాలో 499 మందితో జరిగిన ఒక ట్రయల్‌లో, మద్యం చికిత్సతో పాటే పొగాకు చికిత్స పొందినవాళ్లు, ఆరు నెలలు ఆగి పొందినవాళ్ల కంటే మద్యం విషయంలో కొంత వెనకబడ్డారు. అందుకని మొదటి రోజునే బలవంతంగా అన్నీ లాక్కోమని మేం అనడం లేదు. మొదటి రోజునే అడగమంటున్నాం. మానతానన్నవాడికి ఆ రోజే మందు ఇవ్వాలి. ఇప్పుడే వద్దన్నవాడిని వారం తర్వాత మళ్లీ అడగాలి. ఇప్పుడు జరుగుతున్నది ఇది కాదు. అసలు అడగరు. ఆరు నెలలు ఆగి కూడా అడగరు.

ఇంకో విషయం డాక్టర్లు చెబితే గానీ మాకు తట్టలేదు. నికోటిన్ శరీరంలో ఎక్కువసేపు నిలవదు, రెండు గంటల్లో సగానికి పడిపోతుంది. అప్పుడు చిరాకు, చేతుల్లో అదురు, నిద్ర పట్టకపోవడం, దేని మీదా మనసు నిలవకపోవడం మొదలవుతాయి. మద్యం మానిన మొదటి వారంలో కనిపించేవి కూడా దాదాపు ఇవే. సెంటర్లో గోడకు తల కొట్టుకుంటున్న మనిషికి ఆ క్షణంలో కావాల్సింది మందా, బీడీనా అన్నది అతనికే తెలియదు. బీడీ కోత వేసినప్పుడు ఎగిరిపడిన మనిషిని తాగుడు పిచ్చి ఎక్కిందని కట్టేసిన సంఘటనలు మాకు చెప్పినవాళ్లున్నారు.

చట్టం సంగతి చూస్తే, 2008 అక్టోబర్ 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడం నిషేధం. ఆస్పత్రులు, వైద్య కేంద్రాలు అందులోకి వస్తాయి. ఇది చూపించి కొన్ని సెంటర్లు గేటు దగ్గరే కట్టలు లాక్కుంటాయి, బదులుగా ఏమీ ఇవ్వవు. మద్యం ఆపినప్పుడు వచ్చే వణుకుకు గోళీలిచ్చి నెమ్మదిగా తగ్గిస్తారు. అది వైద్యమని అందరూ ఒప్పుకుంటారు. నికోటిన్ విషయానికి వస్తే మాత్రం పళ్లు బిగించి ఓర్చుకోవాలట. పంచిపెట్టడం, లాక్కోవడం, ఈ రెండూ తప్ప మూడో దారి లేనట్టు నడుస్తోంది.

రెండు శాఖల నడుమ

ఈ సెంటర్లలోకి వచ్చేదెవరు? డబ్బున్నవాళ్లు వేరే చోట్లకు పోతారు. మేం చూసినచోట చర్లపల్లి, మల్లాపూర్ ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు పనివాళ్లు, ఆటో డ్రైవర్లు, అడ్డా కూలీలు, జవహర్‌నగర్ డంపింగ్ యార్డు చుట్టూ చెత్త ఏరుకుని బతికేవాళ్లు, జీహెచ్‌ఎంసీ పారిశుధ్య కార్మికులు ఉన్నారు. ఎక్కువమంది మాల, మాదిగ. మ్యాన్‌హోల్లోకి దిగేముందు క్వార్టర్ వేసుకోకపోతే లోపల నిలబడలేమని, పైకి వచ్చాక బీడీ కాల్చకపోతే ముక్కులో వాసన పోదని చెబుతారు. ఆ పని ఆ కులానికి అంటగట్టినప్పుడే మందూ బీడీ దాంతో పాటు వచ్చాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు ప్రతిసారీ పొగాకు వాడకం ఎస్టీలలో, ఎస్సీలలో మిగతా వర్గాల కంటే ఎక్కువని చూపుతున్నాయి. అది మనవాళ్ల అలవాటు దోషమని చదివేవాళ్లు ఆ పనుల జాబితా కూడా పక్కన పెట్టుకుని చదవాలి.

అందుకే బాత్‌రూములు కడిగినవాడికి రెండు బీడీలన్న లెక్క మమ్మల్ని వదల్లేదు. ఆ పనికి ముందుకొచ్చే చేతులు ఎవరివో వేరే చెప్పాలా? బయట వదిలించుకోవాలనుకున్న పనిని, వదిలించుకోవాలనుకున్న వ్యసనాన్ని అడ్డం పెట్టి లోపల చేయిస్తున్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో వచ్చే మానసిక స్థితులు కూడా మానసిక అనారోగ్యం కిందికే వస్తాయి. చికిత్సలో ఉన్న మనిషితో బలవంతంగా పని చేయించకూడదని, పని చేస్తే తగిన కూలి ఇవ్వాలని 20వ సెక్షన్ చెబుతోంది. బీడీ కూలి కాదు.

పైస్థాయిలో జరిగేది ఇంకా విచిత్రం. మద్యం, మాదకద్రవ్యాల నుంచి విముక్తి చేసే కేంద్రాలకు నిధులిచ్చేది కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత మంత్రిత్వ శాఖ. ఎస్సీల సంక్షేమం చూసేదీ అదే శాఖ. పొగాకు నియంత్రణ మాత్రం ఆరోగ్య శాఖ చేతిలో ఉంది. 2007–08లో మొదలైన జాతీయ పొగాకు నియంత్రణ కార్యక్రమం వాళ్లది. సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ దేశమంతా సర్వే చేసి 2019లో నివేదిక ఇచ్చింది. దేశంలో 14.6 శాతం మంది, దాదాపు 16 కోట్లు, మద్యం తాగుతున్నారని మనకు తెలిసింది ఆ సర్వే వల్లే. మద్యం, గంజాయి, నల్లమందు జాతివి, నిద్రమాత్రల జాతివి, పీల్చేవి, ఇలా అన్నీ లెక్కపెట్టారు. పొగాకును లెక్కపెట్టలేదు. అటు ఆరోగ్య శాఖ పొగాకు సర్వే ప్రకారం 2016–17లో దేశంలో పెద్దవాళ్లలో 28.6 శాతం మంది, తెలంగాణలో 17.8 శాతం మంది ఏదో రూపంలో పొగాకు వాడుతున్నారు. వాళ్లలో ఎంతమంది మద్యం చికిత్సలో ఉన్నారో అందులో వెతికితే దొరకదు. కాప్రా సెంటర్లో లైన్లో నిలబడ్డ మనిషి ఈ రెండు సర్వేల మధ్య సందులో ఉన్నాడు.

బస్తీల్లో కూడా మనం ఇదే తేడా పాటిస్తాం. 1956 అక్టోబర్‌లో నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మత్తు పానీయాలు ముట్టనన్నది ఒకటి. ఆ మాట చెప్పుకుని మందు మానేసిన కుటుంబాలు మాకు తెలుసు. అంబేద్కర్ జయంతి సభలో మద్యం మీద గంటసేపు మాట్లాడి, వేదిక దిగగానే సిగరెట్ వెలిగించే నాయకులు కూడా తెలుసు. మేం కూడా అందులో ఉన్నవాళ్లమే కాబట్టి ఇంతకంటే చెప్పం.

గమ్ము, పట్టీ, గోళీ

తెలుగులో మందు అంటే సారా, మందు అంటే ఔషధం. ఇక్కడి నుంచి మేం మాట్లాడేది రెండోదాని గురించి.

మొదటిది నికోటిన్ భర్తీ. బీడీలో మనిషిని కట్టిపడేసేది నికోటిన్. చంపేది ఎక్కువగా పొగ, అందులోని తారు, కార్బన్ మోనాక్సైడ్. పొగ లేకుండా నికోటిన్‌ను మాత్రమే కొద్దికొద్దిగా ఇచ్చి, వారాల మీద తగ్గించుకుంటూ పోవడం ఈ పద్ధతి. పట్టీని ఒంటికి అతికించుకుంటారు. రోజంతా నెమ్మదిగా నికోటిన్ దిగుతుంది. రోజుకు పది కంటే ఎక్కువ కాల్చేవాళ్లకు సాధారణంగా 21 మిల్లీగ్రాముల పట్టీతో మొదలుపెట్టి, కొన్ని వారాల తర్వాత 14కు, తర్వాత 7కు తగ్గిస్తారు. గమ్ము 2 మిల్లీగ్రాములది, 4 మిల్లీగ్రాములది ఉంటుంది. పొద్దున లేచిన అరగంటలోపే మొదటి బీడీ వెలిగించేవాళ్లకు 4 కావాలి. పట్టీ, గమ్ము రెండూ కలిపి వాడితే ఒక్కటి వాడిన దానికంటే ఫలితం ఎక్కువ. పట్టీ రోజంతా కాపాడుతుంది, ఉన్నట్టుండి పుట్టే కోరికను గమ్ము ఆపుతుంది. బీడీ సిగరెట్ కంటే చిన్నదే. కానీ ఆరిపోకుండా మాటిమాటికి గట్టిగా పీల్చాలి, అందుకే దానిలోంచి వచ్చే నికోటిన్, తారు సిగరెట్‌కు తీసిపోవు. "బీడీలే కదా" అని డాక్టరు తక్కువ డోసు రాస్తే పనిచేయదు.

గమ్ము నమలడం చూయింగ్ గమ్ము నమిలినట్టు కాదు. చాలామంది "వాడి చూశాం, కడుపులో మంట, ఎక్కిళ్లు" అని పారేసేది ఇక్కడే. గబగబ నమిలితే నికోటిన్ లాలాజలంతో కడుపులోకి పోతుంది, అక్కడ అది పెద్దగా పనిచేయదు, మంట పెడుతుంది. నెమ్మదిగా నాలుగైదు సార్లు నమిలి, నోట్లో చురుకు తగలగానే ఆపి, దవడకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్లీ నాలుగు నములు, మళ్లీ పక్కన పెట్టుకోవడం. అరగంట అలా. గుట్కా, ఖైనీ అలవాటున్నవాళ్లకు ఇది చిటికెలో వస్తుంది, దవడలో పెట్టుకోవడం వాళ్లకు వేరే నేర్పక్కర్లేదు. గమ్ముకు పావుగంట ముందు నుంచీ, నోట్లో ఉన్నంతసేపూ టీ, కాఫీ, కూల్‌డ్రింక్ తాగకూడదు. నోట్లో పులుపు చేరితే నికోటిన్ లోపలికి పోదు. సెంటర్లో టీ పోసి వెంటనే గమ్ము ఇస్తే ఆ గమ్ము వృథా. ఇంత చిన్న విషయం ఎవరూ చెప్పకపోవడం వల్ల పనిచేసే మందు పనికిరానిదిగా పేరు తెచ్చుకుంటుంది.

రెండోది వారెనిక్లిన్ అనే గోళీ. మెదడులో నికోటిన్ కూర్చునే చోట ఇది సగం కూర్చుంటుంది. అందువల్ల తపన తగ్గుతుంది, మధ్యలో బీడీ కాల్చినా దానిలో మజా దొరకదు. మొదటి వారం కొద్ది డోసుతో మొదలుపెట్టి, తర్వాత 1 మిల్లీగ్రాము గోళీ రోజుకు రెండుసార్లు, మొత్తం 12 వారాలు వాడతారు. అన్నం తిన్నాక, నిండా నీళ్లతో వేసుకోకపోతే వికారం వస్తుంది. రంగురంగుల కలలు వస్తాయి, కొందరు భయపడతారు, ముందే చెప్పాలి. కిడ్నీ జబ్బు ఉంటే డోసు తగ్గించాలి. దీనివల్ల మనసు పాడై ఆత్మహత్య ఆలోచనలు వస్తాయని 2009లో అమెరికా మందుల సంస్థ పెట్టె మీద నల్ల హెచ్చరిక వేయించింది. తర్వాత 8,144 మందితో పెద్ద ట్రయల్ జరిగింది. వాళ్లలో సగం మంది మానసిక జబ్బు ఉన్నవాళ్లే. ఆ ప్రమాదం చెప్పుకోదగ్గ స్థాయిలో పెరగలేదని 2016లో తేలింది. ఆ ఏడాది డిసెంబర్‌లో హెచ్చరిక తీసేశారు. మద్యం ఎక్కువగా తాగే పొగరాయుళ్ల మీద జరిగిన కొన్ని ట్రయల్స్‌లో ఈ గోళీ వాడినవాళ్లు తాగడం కూడా కొంత తగ్గించారు. అయితే వాడుతూ మందు తాగితే కొందరికి మామూలు కంటే ఎక్కువ ఎక్కుతుంది, ఏం చేశారో గుర్తుండదు. అది కూడా చెప్పి ఇవ్వాలి.

మూడోది బుప్రోపియాన్. ఇక్కడ ఆగి, కాస్త గట్టిగా చెప్పాలి.

బుప్రోపియాన్ మంచి మందే. డిప్రెషన్‌కూ వాడతారు, పొగాకు మానడానికీ పనిచేస్తుంది. కానీ అది ఫిట్స్ వచ్చే అవకాశాన్ని పెంచుతుంది. మద్యాన్ని గానీ, నిద్రమాత్రల జాతి మందులను గానీ ఒక్కసారిగా ఆపిన మనిషికి ఫిట్స్ వచ్చే ప్రమాదం అప్పటికే ఉంటుంది. అలాంటివాళ్లకు బుప్రోపియాన్ ఇవ్వకూడదని ఆ మందు చీటీ మీదే రాసి ఉంటుంది. సెంటర్లో చేరిన మొదటి రోజుల్లో మద్యం మానినవాడికి ఇవ్వకూడదని డాక్టర్లందరికీ తెలుసు. తెలంగాణలో అసలు ప్రమాదం కల్లుతో ఉంది.

కల్లులో ఆల్ప్రాజోలం, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్మడం ఇక్కడ కొత్త కాదు. తాటిచెట్టు తక్కువ, గిరాకీ ఎక్కువ, నీళ్లలో చక్కెర, మత్తుపొడి కలిపితే సీసా నిండుతుంది. తప్పు గీసేవాళ్లది కాదు, కలిపేవాళ్లది. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. పదుల మంది నిమ్స్‌లో, గాంధీలో చేరారు. కల్లు నమూనాల్లో ఆల్ప్రాజోలం దొరికింది. అంతకుముందు 2020 లాక్‌డౌన్‌లో కల్లు, మద్యం ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు వణుకుతూ, పొంతన లేకుండా మాట్లాడుతూ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి వచ్చినవాళ్ల వరుసలు అందరం టీవీల్లో చూశాం.

కల్లు తాగేవాళ్లు డాక్టరు దగ్గర "నాకు మందు అలవాటు లేదు సార్, కల్లే" అంటారు. అబద్ధం చెప్పడం లేదు, వాళ్ల లెక్కలో అది మందు కాదు, అందులో గోళీల పొడి ఉందని వాళ్లకు తెలియదు. డాక్టరు మద్యం లేదని రాసుకుని బీడీ మానడానికి బుప్రోపియాన్ రాస్తే? ఆ మనిషి నిన్నటిదాకా రోజూ తెలియకుండానే ఆల్ప్రాజోలం తాగుతున్నాడు, ఇవాళ ఆపాడు, పైన ఫిట్స్ పెంచే గోళీ వేసుకున్నాడు. బస్తీలో ఆరోగ్య కార్యకర్తలకు, ఆశా అక్కలకు మేం చెప్పేది ఇది: బీడీ మానాలనుకునేవాళ్లతో కల్లు సంగతి విడిగా, పేరు పెట్టి అడగండి. ఎన్ని సీసాలు, ఏ దుకాణం, ఆపితే వణుకు వస్తుందా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా. అవునంటే గమ్ము, పట్టీ మేలు, లేదా డాక్టరు చూసి వారెనిక్లిన్. కల్లు కూడా ఇంట్లో ఒక్కరోజులో ఆపేయకూడదు, ఆస్పత్రిలో ఆపాలి.

ఇంకో చిన్న సంగతి. పొగలో ఉండే పదార్థాలు కాలేయాన్ని ఉరకలెత్తించి కొన్ని మందులను త్వరగా అరగదీస్తాయి. మానసిక జబ్బుకు ఒలాంజపిన్, క్లోజపిన్ వాడుతున్నవాళ్లు బీడీ ఆపగానే ఆ మందు ఒంట్లో పెరిగిపోతుంది. మగతగా పడి ఉంటారు. డోసు తగ్గించాలి. టీలోని కెఫీన్ కూడా అంతే. రోజుకు ఏడెనిమిది టీలు తాగేవాడు బీడీ మానాక అవే టీలు తాగితే గుండె దడ, నిద్ర పట్టకపోవడం వస్తాయి. బీడీ మానడం వల్లే ఇలా అయిందనుకుని మళ్లీ మొదలుపెడతాడు. సగం టీ తగ్గిస్తే సరిపోయేది.

హక్కుగా అడగాల్సింది

ఖర్చు దగ్గరే అంతా ఆగిపోతుంది. 2 మిల్లీగ్రాముల గమ్ము చీటీ లేకుండానే మెడికల్ షాపులో దొరుకుతుంది. కానీ నాలుగు గమ్ములు కొనే డబ్బుతో బీడీ కట్టలు వస్తాయి. పన్నెండు వారాలు కొనమంటే లోడింగ్ పని చేసే మనిషి కొనడు, కొనలేడు. నికోటిన్ భర్తీ మందులను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. 2021లో బుప్రోపియాన్, వారెనిక్లిన్ చేర్చింది. 2024 జులైలో పెద్దవాళ్లలో పొగాకు మాన్పించే చికిత్స మీద తొలిసారి మార్గదర్శకాలు విడుదల చేసి ఈ మందులన్నింటినీ సూచించింది. మన దేశం 2022 జాతీయ అత్యవసర మందుల జాబితాలో నికోటిన్ భర్తీని పెట్టింది. 2017 మానసిక ఆరోగ్య చట్టం 18వ సెక్షన్, ప్రభుత్వం ప్రకటించే అత్యవసర మందులు సామాజిక ఆరోగ్య కేంద్రం నుంచి పైన ప్రతి ప్రభుత్వ ఆస్పత్రిలో ఎప్పుడూ ఉచితంగా దొరకాలంటోంది. దారిద్ర్యరేఖకు దిగువనున్నవాళ్లకు మానసిక చికిత్స ఉచితమంటోంది. మద్యం జబ్బు ఈ చట్టంలోకి వస్తుందని పైన చెప్పాం. ఈ రెండూ కలిపి చదివితే, మద్యం చికిత్సలో ఉన్న పేద మనిషి నికోటిన్ గమ్మును దయగా కాదు, హక్కుగా అడగొచ్చని మా అభిప్రాయం. చట్టం చదివిన లాయర్లు దీన్ని ముందుకు తీసుకెళ్లాలి.

డబ్బు ఎక్కడిదంటారా? తెలంగాణ ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం 2017 నుంచి ఉంది. ఎస్సీల వాటాగా చూపిన డబ్బు రోడ్లకు, ఫ్లైఓవర్లకు పోతోందన్న గొడవ ప్రతి బడ్జెట్‌కూ ఉన్నదే. అందులోంచి ఎస్సీ బస్తీల్లోని దవాఖానాలకు పట్టీలు, గమ్ములు కొనివ్వడం ఎవరూ కాదనలేని ఖర్చు.

కాప్రాలో ఉన్నవాళ్లకు దారులు పూర్తిగా మూసుకుపోలేదు. ఈఎస్‌ఐ కార్డు ఉన్నవాళ్లు నాచారం ఈఎస్‌ఐ ఆస్పత్రిలో అడగొచ్చు. మిగతావాళ్లకు గాంధీ ఆస్పత్రి మానసిక విభాగం, ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి ఉన్నాయి. బస్తీ దవాఖానాలో మందు లేకపోతే లేదని చీటీ మీద రాయించుకోండి. రాసిన చీటీలు పది జమైతే అడగడానికి బలం వస్తుంది. సిగరెట్, గుట్కా ప్యాకెట్ల మీద కనిపించే 1800-11-2356 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులో కూడా మాట్లాడతారు, డబ్బు కట్ కాదు. మద్యం, డ్రగ్స్‌కు 14446. మనసు బాగాలేకపోతే 14416.

ఆడవాళ్ల సంగతి మేం పెద్దగా రాయలేకపోయాం, ఎందుకంటే మేం వెళ్లిన సెంటర్లలో వాళ్లు లేరు. వాళ్లు తాగరని కాదు. కల్లు, తంబాకు, ముక్కుపొడి, శ్రీకాకుళం వైపు నుంచి ఇళ్ల పనులకు వచ్చినవాళ్లలో అడ్డపొగ, అన్నీ ఉన్నాయి. తెల్లవారకముందే చీపురు పట్టే అక్కలు దవడలో తంబాకు పెట్టుకుని ఆకలి చంపుకుంటామని చెప్పారు. నోటి తంబాకు మానడానికి కూడా గమ్ము, వారెనిక్లిన్ వాడొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వాళ్లను అడిగేవాళ్లు ఇంకా తక్కువ.

చర్లపల్లి అన్నను డిశ్చార్జ్ అయ్యాక కుషాయిగూడలో మళ్లీ కలిశాం. మందు ముట్టలేదు. పెద్దాస్పత్రిలో డాక్టరు పట్టీ, గమ్ము రాశాడు. పట్టీలు రెండు వారాలకే అయిపోయాయి, మళ్లీ కొనలేదు. గమ్ము మాత్రం రోజుకు నాలుగు చొప్పున పెద్ద కొడుకు తెచ్చిస్తున్నాడు. రోజుకు ఇరవై బీడీలు కాల్చేవాడు మూడుకు దిగాడు, పొద్దున లేవగానే ఒకటి, లారీ దించాక రెండు. ఆ పొద్దుటిది పోవడం లేదన్నాడు. గమ్ము ఎప్పుడు వేసుకుంటున్నావని అడిగాం. టీ తాగినంక వెంటనే అన్నాడు. పావుగంట ఆగి వేసుకోమని చెప్పాం.